సముద్రతీరమున మా ఇరుగుపొరుగువారు

క్రొత్త ఊరికి పోయిన గృహిణి మొట్టమొదట విచారించునది ఇరుగుపొరుగును గూర్చియే. మంచినీరెచ్చట దొరకును, పాలెవరు పోయుదురు, ప్రక్కయింటివారి నోరెట్టిది అను మూడు ప్రశ్నలకు సమాధానము చిక్కినగాని మన కంటికి కునుకు రాదు. నా భర్త ఉపాధ్యాయులగుటచే బదిలీలు మా సంసారమునకు క్రొత్తవి కావు. అయినను నేను పుట్టి పెరిగినది పెద్దాపురము పరిసరములలోని మెట్టసీమ. సముద్రమన్న, కాకినాడ పోయినప్పుడు చూచి వచ్చు వేడుకయేగాని, దాని ప్రక్కను కాపురముండవలసివచ్చునని నేనెన్నడును తలపలేదు. 2015లో తాళ్ళరేవు ప్రాంతమునకును, 2018లో అంతర్వేది దాపునకును మాకు బదిలీ అయ్యెను. ఆ ఆరేండ్లలో నాకు లభించిన ఇరుగుపొరుగువారిలో మనుష్యులు కొందరే. తక్కినవారిని గూర్చి సోదరీమణులకు తెలుపవలెనని చాలకాలమునుండి నా కోరిక.

మడ అడవి

కాకినాడనుండి యానాము పోవు త్రోవలో కోరంగి కలదు. ఇప్పుడది చిన్న గ్రామమేగాని ఒకప్పుడు పేరెన్నికగన్న ఓడరేవు. ఈ రేవు పేరునుబట్టియే బర్మాలో మన తెలుగువారిని కోరంగీలని పిలిచెడివారు. 1839వ సంవత్సరము నవంబరులో వచ్చిన పెనుతుపానుతో ఆ వైభవము చెడినది. నేడు కోరంగి యనగానే అందరికిని స్ఫురించునది మడ అడవియే. గౌతమీ గోదావరి పాయలు సముద్రమును గలియు చోట పెరిగిన ఈ అడవిని 1978లో ప్రభుత్వమువారు అభయారణ్యముగా ప్రకటించిరి. దాని వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

అడవియన్న నేను పులులను, కొండలను ఊహించుకొంటిని. ఇచ్చట కొండ లేదు, నేల కూడ సరిగా లేదు. ఉన్నదంతయు బురద. దినమునకు రెండుసార్లు సముద్రపు పోటు వచ్చి చెట్ల మొదళ్ళను ముంచును. రెండుసార్లు పాటు వచ్చి బురదను బయటపెట్టును. ఆ బురదలో గాలి యాడదు గనుక మడచెట్టు తన వేళ్ళను మీదికి పంపును. నేలయంతయు మేకులు పాతినట్లు నిలిచియుండు ఆ వేళ్ళతో చెట్టు ఊపిరి పీల్చును. మడజాతులలో కొన్నింటి విత్తు చెట్టుననే మొలకెత్తి, జానెడు పొడవు పెరిగిన పిమ్మటగాని తల్లిని విడువదు. కాళ్ళు నిలద్రొక్కుకొనువరకు బిడ్డను చంక దింపని తల్లివలె ఉన్నదే యని నేననుకొంటిని. తిల్ల చెట్టు మాత్రము దగ్గరకు రానీయదు. దాని పాలు కంటబడినచో కన్నులు మండిపోవును. వంటచెరకునకు పోయిన ఆడువారు దానిని దూరమునుండియే గుర్తించి తొలగిపోవుదురు.

పాటు సమయమున చెక్కవంతెనపై నిలిచి క్రిందికి చూచినచో ప్రొద్దు తెలియదు. నడినెత్తిన కన్నులున్న చిన్న చేపలు నీటిని విడిచి, రెక్కలనే చేతులుగా చేసికొని బురదపై ప్రాకుచుండును. మేను తడిగా నున్నంతసేపు వానికి గాలిలోను ఊపిరి యాడును. మగపీతలు ఒంటిచేయి పెద్దదిగా పెంచుకొని దానిని మీదికిని క్రిందికిని ఊపుచుండును. ఆడుపీతలను పిలుచుటకును, పోటీదారులను బెదరించుటకును ఆ చేయి ఒక్కటే. ఒకనాడు పడవలో పోవుచుండగా నీటికుక్కల కుటుంబమొకటి కనబడెను. ఐదో ఆరో తలలు వరుసగా నీటిపై తేలి, చేపలగుంపును ఒక మూలకు తరిమి, వంతులవారీగా మునిగి పట్టుకొని తినుచుండెను. పడవవాడు తెడ్డు ఆపి, “ఆళ్ళ బంతి అయ్యేదాకా ఆగుదాం అమ్మగారూ” అనెను. పెండ్లిపందిటిలో బంతి నడుమ నడువరాదన్న మర్యాద వానికి అచ్చటను తప్పలేదు.

కార్తికమాసపు అతిథి

మేము అద్దెకుండిన ఇల్లు ఊరి చివర నుండెను. పెరటివెనుక చిన్న కాలువ. దానికావల పొరుగువారి చేపలచెరువు. 2016లో కార్తికమాసమున తెల్లవారుజామున అరటిదొప్పలో దీపము వెలిగించి కాలువలో విడుచుటకు నేనొక్కతెనే పోయితిని. దొప్ప నాలుగడుగులు సాగెను. ఆ వెలుగులో ఆవలి గట్టున నెవరో కూర్చున్నట్లు తోచెను. చూడగా, బూడిదవన్నె దేహముపై నల్లని చుక్కలు గీతలుగా పరచుకొన్న జంతువొకటి. ఇంటిపిల్లికి రెండింతలున్నది. తోక మాత్రము పొట్టి. అది ముందరి పంజాతో నీటిని మెల్లమెల్లగా తట్టుచుండెను. పురుగు పడెనని చేప పైకి రావలెనని దాని ఉపాయమట. ఆ సంగతి నాకు తరువాత తెలిసినది. అప్పుడు తెలిసినదొక్కటే: చుక్కలున్నవి గనుక అది చిరుతపులి పిల్ల, పిల్ల యున్నచోట తల్లి యుండును. నేను కెవ్వున కేకవేసి ఇంటిలోనికి పరుగెత్తితిని.

ఆ కేకకు వీథియంతయు లేచెను. కఱ్ఱలు, బల్లెములు, దీపములు పట్టుకొని ఇరువదిమంది గట్టుపైకి పోయిరి. అది ఎప్పుడో మడలలోనికి పోయినది. పాదముల గుర్తులు చూచిన ఒక వృద్ధుడు నవ్వి, “చిరుతా లేదు, గిరుతా లేదు. ఇది బావురుపిల్లి. చేపల కోసం వస్తాది” అని చెప్పెను. వ్రేళ్ళ నడుమ కొంతవరకు చర్మముండుటచే అది నీటిలో ఈది, మునిగి కూడ చేపలను పట్టగలదు. మనుష్యునిపై పడదు. కాని ఊరివారికి తెల్లవారిన తరువాత కూడ కోపము చల్లారలేదు. చెరువుగల పొరుగింటియాయన గట్టున ఉచ్చు పన్నెను.

నాకా దినము అన్నము రుచింపలేదు. నా కేకయే దాని మెడకు ఉరి యగుచున్నదని తోచెను. సాయంకాలము మేమిద్దరము వారింటికి పోయి, అది చట్టముచే రక్షింపబడిన మృగమనియు, చేపలతోపాటు ఎలుకలను కూడ తినుననియు చెప్పితిమి. ఆయన అంతయు విని ఇట్లనెను: “మాస్టారూ, మీ జీతం ఒకటో తారీఖున వస్తుంది. దాన్ని పిల్లి తినదు. నా జీతం ఆ చెరువులో ఉందండి.”

ఆ మాటకు మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఆయన భార్య మాత్రము లోపలినుండి వచ్చి, “చెరువు మొత్తానికి కాకపోయినా, పిల్లచేపలున్న మూలకి పాత వల కట్టించు. దానికి ఎంతవుతుంది? ఉచ్చులో మన కుక్కే పడితేనో!” అని భర్తను మందలించెను. రెండు దినములు గడచిన పిమ్మట వల కట్టబడెను, ఉచ్చు తీయబడెను. ఆయన మాతో మాటాడుటకు మాత్రము సంక్రాంతి రావలసివచ్చెను. బావురుపిల్లి మరల నాకు కనబడలేదు. గట్టున పాదముల గుర్తులు మాత్రము మేమున్నంతకాలము కనబడుచుండెను.

అంతర్వేది ఇసుకతీరము

2018లో మేము కోనసీమ చివరకు పోతిమి. వసిష్ఠ గోదావరి సముద్రమును గలియు అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి వెలసియున్న సంగతి అందరెరిగినదే. మాఘమాసమున స్వామివారి కల్యాణమునకు వేలకొలది జనులు వత్తురు. మా ఇల్లు క్షేత్రమునకు కొంత దూరమున, సరుగుడుతోటల కంచెకు లోపల నుండెను. వాకిట నిలిచిన సముద్రపు ఘోష. పడుకొన్నను అదే ఘోష. తీరమున పాములు తిరుగునని భయపడి వాకిటి స్తంభమునకు పెద్ద విద్యుద్దీపమును నేనే పట్టుబట్టి పెట్టించితిని. రాత్రియంతయు అది వెలుగుచుండెను. దానిని చూచి ఎంతో ధైర్యము కలిగెడిది.

మాకు చేపలు తెచ్చు అవ్వ యొకతె ఉండెడిది. ఆమెకు అరువదియేండ్లు దాటినవి. ఆమె కొడుకు మరపడవపై కూలికి పోవువాడు. 2019లో తీర్థము ముగిసిన రెండు వారములకు, రాత్రి తొమ్మిదిగంటల వేళ అవ్వ వచ్చి మెల్లగా తలుపు తట్టెను. “అమ్మగారూ, దీపం ఆర్పేసి రండి. మాట్టాడకండి. తాబేలు ఎక్కుతుంది” అనెను.

చీకటిలో, నక్షత్రముల వెలుగున, ఇసుకపై నల్లని బండ యొకటి కదలుచున్నట్లుండెను. దానిని ఆలివ్ రిడ్లే తాబేలందురు. రెండడుగులకు పైబడిన డిప్ప, నలుబది కిలోలకు దరిదాపు బరువు. నీటిలో పక్షివలె తేలిపోవు ఆ ప్రాణి ఇసుకపై నాలుగడుగులు వేసి ఆగును, నిట్టూర్చును, మరల కదలును. పోటునీరందని చోటు చేరి, వెనుక రెక్కలతో గొయ్యి త్రవ్వనారంభించెను. మనము అరచేతిని దొప్పగా పట్టి పిండిని తీసినట్లే ఒక రెక్కతో ఇసుక తీసి ప్రక్కను వేయును. తరువాత రెండవ రెక్క. త్రవ్వుచున్నది తన వెనుకనే గనుక దానిని అది చూడనైనను చూడలేదు. మూరెడు లోతు గోతిలో తెల్లని గుండ్రని గ్రుడ్లు పడుచుండెను. ఒక్కొక్కమారు ఇవి నూటికి పైగా గ్రుడ్లు పెట్టును. కన్నులనుండి నీరు జారుచుండెను. అది ఒంటిలోని ఉప్పును వెడలగొట్టుటకే యని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ రాత్రి అవ్వకు గాని నాకు గాని శాస్త్రము జ్ఞప్తికి రాలేదు. మేమిద్దరము ప్రసవించిన స్త్రీలమే.

గ్రుడ్లు పెట్టిన పిమ్మట గోతిని పూడ్చి, తన బరువుతో ఇటునటు ఊగి ఇసుకను అణచి, గంటసేపటిలో అది సముద్రములోనికి వెడలిపోయెను. ఒక్కసారియు వెనుకకు చూడలేదు. అవ్వ చేతులు జోడించి, “కూర్మనాథుడు” అనెను. శ్రీకాకుళమువైపు శ్రీకూర్మములో ఆ స్వామికి గుడి యున్నదని ఆమె విన్నదట, చూడలేదు.

మన పెద్దలొక మాట చెప్పుదురు: చేప తన పిల్లలను చూపుతో పెంచునట, పక్షి స్పర్శతో పెంచునట, తాబేలు తలంపుతో పెంచునట. నిజమునకు వానిని పొదుగునది ఇసుక వేడి. ఆ వేడియే బిడ్డ ఆడో మగో కూడ నిర్ణయించును. ఇసుక బాగుగా కాగినచో ఆడుపిల్లలు, కొంచెము చల్లగా నున్నచో మగపిల్లలు. గ్రుడ్డు పిల్లయగుటకు 45 మొదలు 60 దినములు పట్టును. ఈలోపల నక్కలు, కుక్కలు, పందులు పసిగట్టి త్రవ్వి తినును. అటవీశాఖవారి కావలివాడు వచ్చి చూచి, అవ్వ మనుమనితో గూడి గోతిచుట్టు ముండ్లకంప కట్టెను. ఆ బాలుడు బడినుండి రాగానే పోయి కంపను చూచి వచ్చువాడు. నేను గోడపైనున్న క్యాలెండరుపై దినములు గీచుచుంటిని.

నా దీపము

ఏప్రిలు నెల వచ్చెను. తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు మరపడవల వేట నిషిద్ధము గనుక పడవలన్నియు గట్టున చేరెను. అవ్వ కొడుకు ఇంటనుండి వలలు బాగుచేసికొనుచుండెను. క్యాలెండరున ఏబది గీతలు దాటినవి. గ్రుడ్లు కుళ్ళిపోయినవేమోనని నేను నిరాశపడి చూచుట మానితిని.

ఒకనాటి రాత్రి ఎనిమిది గంటలకు వాకిట మల్లెకుండీల నడుమ ఏదో గలగల వినబడెను. చీపురు తీసికొని పోతిని. వాకిలియంతయు నల్లని చిన్న బొమ్మలు ప్రాకుచుండెను. అరచేతిలో సగము లేవు. అవి తాబేటిపిల్లలు. ఇసుకనుండి బయటపడిన పిల్ల ఏది వెలుగుగా నుండునో అటు పోవును. యుగయుగములుగా రాత్రివేళ తీరమున వెలుగుగా నుండునది నీటిపై తేలు ఆకాశపు మసక వెలుతురే. వానికి సముద్రము త్రోవ చూపినది అదియే. ఆ రాత్రి దానికంటె ప్రకాశముగా నున్నది నా స్తంభముపైని దీపము.

అవ్వ పరుగున వచ్చి, “ఆర్పెయ్యండమ్మా! ఆటికి అదే సముద్రం అనుకుంటున్నాయి!” అని అరచెను. నేను దీపమార్పితిని. చీకటిలో ఒక్కొక్కదానిని వెదకుట ఎట్లు? అవ్వ కొడుకును, మనుమడును, మా వారును వచ్చిరి. తడిగుడ్డ పరచిన చేటలో వానిని ఏరితిమి. కుండీల వెనుక, అంట్లు తోము గట్టుక్రింద, తులసికోట మూలను, మురుగుకాలువలో దొరకినవి. ఆరింటికి అప్పటికే చీమలు పట్టినవి. రెండు బాటపై బండి చక్రముక్రింద పడినవి. బ్రదికినవి ముప్పదియొకటి. వానిని నీటియంచునకు కొంత ఎడముగా ఇసుకపై విడిచితిమి. తమంతట తాము నడచి నీరు చేరవలెనట. అల వచ్చి ఒక్కొక్కదానిని ఎత్తుకొనిపోయెను. తక్కినవి తిన్నగా సముద్రమునకే పోయియుండునని అవ్వ చెప్పెను. అది నా ఊరటకొరకే చెప్పెనేమో.

వేయి పిల్లలలో పెరిగి పెద్దదగునది ఏ ఒక్కటియో యని చెప్పుదురు. ఆ లెక్క వినినప్పుడెల్ల నాకు చీమలు పట్టిన ఆ యెనిమిదిలో, బండిక్రింద పడినవానితో గూడ, ఆ ఒక్కటి ఉండెనా యని తోచును. పాములకు భయపడి నేను పెట్టించిన దీపమది. ఆ ఆరునెలలలో వాకిటికి పాము వచ్చిన జాడయే లేదు.

అవ్వ కొడుకు

మరుసటి యేడు, 2020 జనవరిలో, తీరమున నడచుచుండగా చచ్చిన తాబేళ్ళు కనబడెను. ఒక్క మైలు దూరములో ఏడు. దెబ్బ లేదు, గాయము లేదు. కన్నులు మాత్రము ఉబ్బియున్నవి. తాబేలు నీటిలో నుండునదియేగాని ఊపిరికి మీదికి రావలెను. మరపడవ వలను గంటలకొలది లాగుచుండగా అందులో చిక్కినది పైకి రాలేక చచ్చును.

ఏప్రిలులో మాతోగూడి పిల్లలను ఏరినవాడు అవ్వ కొడుకే. చేటను తలపై పెట్టుకొని నీటియంచునకు మోసినవాడతడే. అతడు చేపలబుట్ట దింపుటకు వచ్చినప్పుడు నేనడిగితిని. అతడు చాలసేపు మాటాడలేదు. తరువాత, “వల ఎత్తేసరికే చచ్చిపోయుంటాదండి. మేం చంపాలని చంపం. వలకి ఇనుపచువ్వల చట్రం కడితే తాబేలు బైటికి పోద్దంట. చేపలు కూడా కొన్ని పోతాయని ఓనరు కట్టనివ్వడు. నేను కూలోణ్ణి” అనెను.

అవ్వ గుమ్మము దగ్గర కూర్చుండి వినుచుండెను. కొడుకు వెడలిన పిమ్మట ఇట్లనెను: “నా చిన్నతనంలో నాటుపడవల్లో తాబేలు చిక్కితే వల కోసి ఒదిలేసేవోళ్ళు. వల పోయినా పర్లేదు అనేవోళ్ళు. ఇప్పుడు వల మాది కాదమ్మా.”

నేను పొరుగింటి చేపలచెరువాయన మాటను తలచుకొంటిని. ఆయన చెరువు ఆయనది గనుక భార్య మాట విని వల కట్టెను. అవ్వ కొడుకునకు ఆ స్వాతంత్ర్యము కూడ లేదు. జాలి యున్నవానికి అధికారము లేకపోవుటయు, అధికారమున్నవాడు తీరమునకు దూరముగా నుండుటయు ఈ దుఃఖమునకు మూలమని నాకు తోచినది. చట్రము వలన తగ్గు చేపల నష్టమును ఎవరో యొకరు పంచుకొననిదే కేవలము కూలివానిని నిందించి ప్రయోజనము లేదు.

మా చేతిలో నున్నది మేము చేసితిమి. తీరమువైపున్న నాలుగైదు ఇండ్ల ఇల్లాండ్రము కూడి, మాఘమునుండి వైశాఖమువరకు రాత్రి వేళ వాకిటిదీపములు ఆర్పవలెననియు, తప్పనిచోట దీపమునకు రేకుమూత పెట్టి వెలుగు క్రిందికే పడునట్లు చేయవలెననియు నిశ్చయించుకొంటిమి. ఒకామె మొదట ఒప్పుకొనలేదు. ఇంట వయసు వచ్చిన ఆడుపిల్ల యున్నదనెను. ఆమె భయమును కాదనుటకు నాకు నోరు రాలేదు. నాదియు అట్టి భయమే గదా. ఆమె యింటి దీపమునకు మూత పెట్టించి సరిపుచ్చితిమి.

2021లో మాకు రాజమహేంద్రవరమునకు బదిలీ అయ్యెను. ఇచ్చట వీథిదీపములు తెల్లవార్లు వెలుగుచుండును. ఇరుగుపొరుగువారందరు మనుష్యులే. మాఘమాసము వచ్చినదన్న మాత్రము నాకు రాత్రి నిద్ర తెలివి వచ్చి, వాకిటి దీపము మీద చేయి పోవును. ఏటేట ఆ దినములలో అవ్వ మనుమని సెల్‌ఫోనునుండి ఒక్కసారి పిలుచును. కుశలప్రశ్నలు లేవు. “ఎక్కిందమ్మా” అనును. అంతే. “దీపాలు?” అని నేనందును. “ఆర్పేశారు” అనును.

తాబేలు తలంపుతో పిల్లలను పెంచునన్న పెద్దల మాట నిజము కాదని నాకు తెలియును. అయినను, సముద్రమునకు ఏబది మైళ్ళ దూరమున నేను చేయగలిగినది తలచుకొనుట ఒక్కటియే. తీరమున నున్న సోదరీమణులు అంతకంటె ఎక్కువ చేయగలరు. వారి చేతికి దీపపు మీట అందును.